బడే అబ్బా మోసిన ఫర్జ్

మా బడే అబ్బా దుకాన్‌లో రెండు కత్తెర్లుండేవి. ఒకటి షేర్వానీలకి, కమీజులకి, స్కూలు యూనిఫారాలకి. రెండోది పై అరలో గుడ్డలో చుట్టి ఉండేది. దాన్ని పిల్లలెవరైనా ముట్టుకుంటే కోప్పడేవారు. అది కఫన్ గుడ్డ కత్తిరించే కత్తెర.

కర్నూలు పాతబస్తీలో ఆయన్ని అందరూ దర్జీ మామూ అనేవారు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టారు. ఆ నలభై ఏళ్ళూ మొహల్లాలో ఏ ఇంట్లో మగమనిషి ఇంతెఖాల్ అయినా ఘుస్ల్ ఇవ్వమని కబురొచ్చేది ఆయనకే. ఆడవాళ్ళ మయ్యత్ అయితే బడీ అమ్మా వెళ్ళేది. గడిచిన సఫర్ నెలలో, 72 ఏళ్ళ వయసులో, బడే అబ్బా అల్లాహ్‌కు ప్యారే అయ్యారు.

ఘుస్ల్ అంటే ఏదో నాలుగు చెంబులు పోయడం కాదు. తఖ్తా మీద మయ్యత్‌ని పడుకోబెట్టి, బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా చాదర్ కప్పి, చేతికి గుడ్డ చుట్టుకుని ముందు తహారత్ చేయించాలి. తర్వాత వజూ. ఆ తర్వాత కుడివైపు, ఆపైన ఎడమవైపు. రేగు ఆకులు మరిగించిన నీళ్ళు, ఆఖరి నీళ్ళలో కాఫూర్. మూడుసార్లు, అవసరమైతే ఐదుసార్లు. కఫన్ మగవాళ్ళకు మూడు గుడ్డలు: ఇజార్, కమీస్, లిఫాఫా. ఆడవాళ్ళకు ఓఢ్నీ, సీనాబంద్ కలిపి ఐదు. బడే అబ్బా ముందు తన ముంజేతి మీద నీళ్ళు పోసుకుని చూసేవారు. చల్లగా ఉంటే వెనక్కి పంపేవారు. "చెప్పుకోలేడు కదా అని చల్లనీళ్ళు పోస్తామా?" అనేవారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. గరీబు ఇళ్ళయితే లట్ఠా గుడ్డ కూడా దుకాన్‌లోంచే వెళ్ళేది.

ఇదంతా చేసిన మనిషి ఇంటిని పట్టించుకోలేదేమో అనుకుంటారు. ఆయనకు ముగ్గురు కూతుళ్ళు. మా ఫుప్పూ, ఫుప్పా పోయాక యతీమ్‌లైన వాళ్ళ పిల్లలు ఇద్దర్నీ తన ఇంటికే తెచ్చుకున్నారు. రాత్రి దుకాన్ మూసి వచ్చాక ఐదు పుస్తకాల సంచీలూ ముందేసుకుని తెగిన పట్టీలు కుట్టేవారు. ఈద్‌కి ఐదుగురి బట్టలూ ఒకే తానులోంచి కత్తిరించేవారు. వీధిలో నిలబడితే వీళ్ళలో సొంత పిల్లలెవరో, యతీమ్‌లెవరో ఎవరికీ తెలియకూడదన్నది ఆయన పట్టుదల. కూతుళ్ళు ముగ్గురూ డిగ్రీ చదివారు.

నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీకి తెలుగు తీసుకుంటానన్నప్పుడు ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. మా జుబాన్ ఏమైపోతుందని దాదీ ఏడ్చింది. బడే అబ్బా ఒక్కటే మాట అన్నారు. "నా దుకాన్‌కొచ్చే గిరాకీల్లో సగంమంది తెలుగువాళ్ళే. వాళ్ళ కొలతలు నేను ఉర్దూలో రాసుకుంటా. వీడు మన మాటలు తెలుగులో రాస్తాడు. బట్ట సరిపోతే చాలు కదా!" ఫీజు కూడా ఆయనే కట్టారు.

జర్నలిస్టునయ్యాక ఒకసారి అడిగాను, ఇన్నేళ్ళలో ఏమేం చూశారో చెప్పమని. ఘుస్ల్ ఇచ్చేవాడికి ప్రతి ఇంటి లోగుట్టూ తెలుస్తుంది. ఎవరి ఒంటి మీద ఏ గాయముందో, ఎవరి కొడుకులు నీళ్ళందించడానికి కూడా రాలేదో. బడే అబ్బా నవ్వేశారు. "తేరా కామ్ లిఖ్నా, మేరా కామ్ ఛుపానా" అన్నారు. మయ్యత్ ఐబ్‌లు బయటపెట్టకూడదన్నది ఘుస్ల్ ఇచ్చేవాళ్ళకున్న కాయిదా. ఆయన మంచివి కూడా చెప్పేవారు కాదు. ఒకరి గురించి చెప్పి ఇంకొకరి గురించి ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే అంతా చెప్పేస్తుంది బేటా అనేవారు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు దుకాన్‌లోని రెండు మిషన్లూ నీళ్ళలో మునిగాయి. వరద తీశాక ఆయన ముందు మసీదుకి వెళ్ళి, బురదలో కూరుకుపోయిన ఘుస్ల్ తఖ్తాని బయటికి లాగి కడిగి ఎండబెట్టారు. తన మిషన్ల సంగతి ఆ తర్వాతే చూసుకున్నారు. 2020లో కరోనా వచ్చింది. మయ్యత్‌ని ముట్టుకోవద్దు, స్నానం చేయించవద్దు అన్న నిబంధనలొచ్చాయి. ఆయన వాదించలేదు, హుకుం పాటించారు. కానీ మొహల్లా నుంచి వెళ్ళే ప్రతి జనాజాకీ ఖబరస్తాన్ గోడ బయట దూరంగా నిలబడి దువా చేసి వచ్చేవారు. ఆ రోజుల్లో ఆయనకు అన్నం సయించేది కాదని బడీ అమ్మా చెప్పింది.

బడే అబ్బాకి ఘుస్ల్ ఇచ్చింది ఇద్దరు అల్లుళ్ళు, ఆయన దగ్గర నేర్చుకున్న ఒక బైక్ మెకానిక్ కుర్రాడు. ఆ అబ్బాయికి పందొమ్మిదేళ్ళు. చేతులు వణుకుతుంటే పర్దా అవతల నుంచి బడీ అమ్మా గొంతు వినిపించింది. "ముందు కుడివైపు బేటా. నీళ్ళు ముంజేతి మీద పోసుకుని చూడు." నలభై ఏళ్ళు ఇద్దరూ కలిసి చేసిన పని అది. ఆఖరిసారి కూడా కలిసే చేశారు.

జనాజా తర్వాత అందరూ ఒకటే మాట: ఎంత నేక్ ఇన్సాన్! నిజమే. కానీ ఆ మాట దగ్గర ఆగిపోతే ఆయనకు హక్ అదా అయినట్టు కాదు. ఘుస్ల్, కఫన్, జనాజా నమాజ్, దఫన్ ఇవన్నీ ఫర్జె కిఫాయా. కొందరు చేస్తే అందరి మీద నుంచీ దిగిపోతుంది. ఎవరూ చేయకపోతే అందరూ గునాగార్లే. అంటే దర్జీ మామూ నలభై ఏళ్ళు చేసింది ఖిద్మత్ మాత్రమే కాదు, మొహల్లా మొత్తం మీదున్న ఫర్జ్‌ని తన భుజం మీద మోశారు. ఇప్పుడది మళ్ళీ అందరి భుజాల మీదికీ వచ్చింది.

ఆ కుర్రాడు ఇప్పుడు జుమేరాత్ రోజుల్లో ఇషా తర్వాత మసీదులో నలుగురికి నేర్పుతున్నాడు. ఆడపిల్లలకు బడీ అమ్మా ఇంట్లోనే చెబుతోంది. మీ మొహల్లాలో ఈ పని తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళ వయసెంతో ఒకసారి లెక్కపెట్టి చూడండి. వాళ్ళుండగానే ఇంటికొకరు నేర్చుకోండి. మా బడే అబ్బా మగ్ఫిరత్ కోసం దువా చేయండి.