నరసాపురం పాసింజరులో పేకాట

నరసాపురంలో పాసింజరు ఎక్కినవాడికి రాజమండ్రి చేరేలోగా రెండు కాలక్షేపాలున్నాయి: కిటికీలోంచి వరిచేలు చూడటం, లేదా ఎదుటి బెంచీ మీద పేకాట చూడటం. నేను చేలు చూద్దామనే కూర్చున్నాను. పక్కన మా బావమరిది. సెల్‌ఫోనులో పోకరూ రమ్మీ ఆడి, తండ్రి ఇచ్చిన అరెకరం పోగొట్టుకున్నవాడు. రాజమండ్రిలో ఒక కొట్లో గుమాస్తా పని కుదిర్చి తీసుకువెళుతున్నాను.

పాలకొల్లు దాటీ దాటకముందే ఎదుట నలుగురు పెద్దలు మోకాళ్ళ మీద తువ్వాలు పరిచారు. రోజూ కలిసి వెళ్ళేవాళ్ళు కాబోలు, మాటలతో పని లేకుండానే ముక్కలు పంచేసుకున్నారు. పదమూడు ముక్కల రమ్మీ. ఓడినవాడు టీ ఇప్పించాలి, అంతే పందెం.

వీరవాసరంలో ఒకాయన దిగిపోయాడు. "బాబూ, ఓ చెయ్యి వేస్తారా?" అని పంచె కట్టిన పెద్దాయన మావాడిని అడిగారు. వాడు తల అడ్డంగా ఊపాడు. మర్యాదకి నేను కూర్చున్నాను. నాకు ఆట రాదు.

"రాకపోతేనే మంచిదండి, చెడ్డ అలవాట్లుండవు" అంటూ ఆయన ఓనమాలు దిద్దించారు. ముందు జోకరు లేకుండా ఒక వరస కట్టాలి. అది లేనిదే చేతిలో ఎంతమంది రాణులున్నా లెక్క మన నెత్తినే. ఇస్పేటు ఆరూ ఏడూ ఉన్నాయనుకోండి, అయిదు వచ్చినా ఎనిమిది వచ్చినా సరే. రెండు పేకల్లో అవి నాలుగు. ఆరూ ఎనిమిదీ పట్టుకుంటే ఏడు ఒక్కటే దిక్కు, అవి రెండే. రాజూ రాణీ జాకీ తలా పది పాయింట్లు గనక, జత కుదరకపోతే వాటినే ముందు దింపుకోవాలి. ఎదుటివాడు ఏది ఎత్తుకున్నాడో గుర్తుపెట్టుకుని, దాని పక్క ముక్కలు పారేయకూడదు.

ఇంతా చెప్పి, నా ముక్కలు చూసి "పడెయ్యండి" అన్నారు. ఆట మొదలు కాకుండానే! జోకరు లేదు, వరస మీద ఆశా లేదు. ఇప్పుడే డ్రాప్ అంటే ఇరవైతో పోతుంది; ఆశపడి ఓడితే ఎనభై దాకా పడుతుంది. "పది చేతుల్లో మూడు నేనిలాగే పారేస్తానండి" అన్నారు.

అప్పటిదాకా కిటికీ వైపే చూస్తున్న బావమరిది నోరు విప్పాడు. పోకరులోనూ మొదటి పాఠం ఇదేనట. చేతికిచ్చిన రెండు ముక్కలూ బాగులేకపోతే అక్కడే మానుకోవాలి. "నాకది కంఠతా వచ్చండి. కాని ఫోనులో పడేసిన మరు నిమిషం ఇంకో ఆట వచ్చేస్తుంది. ఎదుటివాడి మొహం కనపడదు. రాత్రి రెండయింది, పడుకోరా అనేవాడుండడు."

పెద్దాయన వెంటనే ఏమీ అనలేదు. ముక్కలు కలుపుతూ, "మాకు నిడదవోలు వస్తుంది కదా బాబూ, కట్ట మూయాల్సిందే" అన్నారు.

నాలుగో ఆయన, ఒకప్పుడు కోర్టులో పనిచేశారట, చట్టం సంగతి ఎత్తారు. సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ నేర్పుతో కూడిన ఆటేనంది, మూడు ముక్కలాటను మాత్రం అదృష్టం కింద జమకట్టింది. ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. "అరెకరం అంతకుముందే పోయిందండి" అన్నాడు మావాడు. అత్తిలి, తణుకు వచ్చి వెళ్ళాయి. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

నిడదవోలులో వాళ్ళు దిగాక పెట్టె బోసిపోయింది. కొవ్వూరు దాటి వంతెన ఎక్కాం. గోదావరి నిండుగా ఉంది. 1997లో రైళ్ళు మానేసిన హేవలాక్ వంతెన స్తంభాలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. అందరిలాగే నేనూ ఒక రూపాయి వేసి దణ్ణం పెట్టాను. బావమరిది కూడా జేబులోంచి రూపాయి తీశాడు. కాసేపు చూసి, మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు.

స్టేషనులో దిగాక అడిగాడు: "బావగారూ, వాళ్ళు ఆదివారాలు కూడా ఈ బండికే వస్తారా?"

ఆ సంగతి నేను కనుక్కోలేదు.