ఒంటరి నావికుని తీపి గుర్తులు

1892వ సంవత్సరం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫెయిర్‌హేవెన్ అనే చిన్న ఊరు. నీటికి దూరంగా ఒక పచ్చికబీడులో, గుడ్డ కప్పి వదిలేసిన పాతపడవ ఎదుట యాభయ్యో ఏటికి చేరువవుతున్న ఒక నావికుడు నిలబడి ఉన్నాడు. మిత్రుడొకడు అతనికి ఓడ ఇస్తానని పిలిచి చూపించినది ఆ శిథిలాన్నే! ఒకప్పుడు ఆల్చిప్పలు పట్టడానికి వాడిన ఆ తెరచాప పడవ పేరు 'స్ప్రే'. ఆ నావికుని పేరు జాషువా స్లోకమ్.

ఆవిరి ఓడలు వచ్చి తెరచాప ఓడల బ్రతుకుతెరువును కొల్లగొట్టిన కాలమది. పెద్ద పెద్ద ఓడలకు కెప్టెన్‌గా పనిచేసిన స్లోకమ్‌కు ఇప్పుడు కొలువు లేదు. స్వంత ఓడ 'అక్విడ్నెక్' 1887లో బ్రెజిల్ తీరాన ఇసుకమేట మీద పగిలిపోయింది. అంతకు మూడేళ్ల ముందే, ఆ ఓడలోనే, బ్యూనస్ ఎయిరిస్ రేవులో అతని భార్య వర్జీనియా కన్నుమూసింది. పెళ్లినాటి నుంచి పదమూడేళ్లపాటు అతని వెంట సముద్రాలు తిరిగిన ఇల్లాలు ఆమె.

స్లోకమ్ ఆ పాతపడవను విడిచిపెట్టలేదు. పుచ్చిన చెక్క తీసి కొత్త చెక్క వేస్తూ, పదమూడు నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్ల ఖర్చుతో దానిని నిలబెట్టాడు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ రేవు నుంచి ఒంటరిగా బయలుదేరాడు. పడవ పొడవు 37 అడుగులకు కొంచెం తక్కువ. కాలం తెలిపే సాధనం, ముఖం పగిలినందున ఒక డాలరుకే దొరికిన రేకు గడియారం. చుట్టూ సముద్రమే, అతనికి ఈత రాదు.

తొలి దినాలలో ఒంటరితనం అతణ్ణి పట్టి కుదిపివేసింది. పొగమంచు కమ్మినప్పుడు, మాట మరచిపోకుండా ఉండేందుకు, లేని మనుషులకు గొంతెత్తి ఆజ్ఞలు జారీచేసేవాడు. ఆ శూన్యంలో తన గొంతు తనకే బోలుగా వినిపించి, చివరకు పాటలకు దిగాడు.

మధ్యధరా సముద్రం మీదుగా తూర్పుకు పోవాలని మొదట అనుకున్నాడు. దొంగల భయముందని జిబ్రాల్టర్‌లో నౌకాదళ అధికారులు హెచ్చరించగా, పడమటికి మళ్లాడు. మెగెల్లన్ జలసంధిలో పగలు తుపానులు, రాత్రి దోపిడిగాండ్ర బెడద. ఒక స్నేహితుడిచ్చిన తివాచీ మేకులను పడవ మీద మొనలు పైకి వచ్చేలా చల్లి నిద్రపోయాడు. అర్ధరాత్రి వట్టికాళ్లతో ఎక్కినవారు కేకలు పెడుతూ పారిపోయారు!

ఇన్ని సాహసాలు చేసినవాడు తన యాత్రలో మిక్కిలి ఆనందకరమైన రోజుగా చెప్పుకున్నది మరొకటి. 1896లో చిలీ దేశానికి చెందిన హువాన్ ఫెర్నాండెజ్ దీవిలో దిగాడు. పోలీసు లేడు, ప్లీడరు లేడు. ఉన్నవి కొద్ది కుటుంబాలు. మన గారెలను తలపించే 'డోనట్లు' కొవ్వులో వేయించి వారికి రుచి చూపించి, చేసే విధానం కూడా నేర్పాడు. బయలుదేరబోయే ముందు, ఊరి పిల్లలందరూ అతనితో కొండల్లోకి వెళ్లి, బుట్టల నిండా అడవిపండ్లు, అంజూరపు పండ్లు ఏరి ఇచ్చారు. అక్కడి వస్తువుల పేర్లు తమ భాషలో చెబుతూ, అతడు తప్పుగా పలికితే పడీపడీ నవ్వారు. ఆ తరువాత సమోవా చేరేవరకు డెబ్బది రెండు రోజులు అతడు ఏ రేవులోనూ ఆగలేదు.

హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులకు 2,700 మైళ్లు. ఇరవై మూడు దినాల ఆ ప్రయాణంలో అతడు చుక్కాని పట్టినది మొత్తం మూడు గంటలే. పడవ తన దారిన తాను పోయేది; అతడు చదువుకునేవాడు. దక్షిణాఫ్రికాలో అధ్యక్షుడు క్రూగర్, భూమి బల్లపరుపుగా ఉన్నదని నమ్మిన పెద్దమనిషి, ప్రపంచం చుట్టూ తిరగడం అసాధ్యమనీ, ప్రపంచంలో తిరుగుతున్నాననడం సరి అనీ దిద్దాడు. స్లోకమ్ మారుమాట పలకలేదు. సెయింట్ హెలీనాలో తోడుకని ఇచ్చిన మేక వెస్టిండీస్ పటాన్ని నమిలి మింగేసింది. దానిని అసెన్షన్ దీవిలో దింపివేసి, పటం లేకుండానే ముందుకు సాగాడు.

1898 జూన్ 27న, 46,000 మైళ్లకు పైగా తిరిగి, న్యూపోర్ట్ రేవు చేరాడు. ప్రపంచాన్ని ఒంటరిగా నావలో చుట్టివచ్చిన తొలి మానవుడతడు. ఆ అనుభవాలు 1900లో గ్రంథంగా వెలువడ్డాయి. మేకను గురించి, గడియారాన్ని గురించి మనసారా వ్రాశాడు. బ్యూనస్ ఎయిరిస్‌లో దిగిన సంగతి వ్రాశాడు. అక్కడి మట్టిలో ఉన్న వర్జీనియాను గురించి మాత్రం వ్రాయలేదు. కొన్ని జ్ఞాపకాలు పంచుకునేందుకు, కొన్ని దాచుకునేందుకు కాబోలు.

న్యూపోర్ట్ చేరిన కొద్దిరోజులకే అతడు 'స్ప్రే'ను ఫెయిర్‌హేవెన్‌కు నడిపించుకుపోయాడు. నీటిలోకి దింపిన నాడు పడవను కట్టిన దేవదారు గుంజ అక్కడ ఒడ్డున ఇంకా నిలిచి ఉంది. ప్రపంచమంతా తిరిగివచ్చిన పడవను దానికే కట్టాడు. కాని సముద్రం అతణ్ణి ఒడ్డున ఎక్కువకాలం ఉండనివ్వలేదు. పదేళ్ల తరువాత అదే పడవలో, మళ్లీ ఒంటరిగా, దక్షిణ దిశగా బయలుదేరాడు. మనిషిగాని, పడవగాని మరి తిరిగి రాలేదు.