చప్పుడు లేని కార్డు

"గేమ్స్ ఎవరాడతారు మేడమ్, బాబా?" అనడిగాడు కొట్లో కుర్రాడు.

నాకు బాబు లేడు. డెబ్భై రెండేళ్ల అమ్మ ఉంది. అమ్మ కోసమే అని చెప్తే నవ్వాడు. ఆ తర్వాత నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని ఒకసారి గుమ్మం వైపు చూసి, "సార్ రాలేదా?" అన్నాడు.

2023 జూన్‌లో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఆ కొట్టు ముందు నిలబడే నాటికి నెల్లాళ్లుగా నేను చదువుతున్నది కథలూ కాదు, విమర్శా కాదు, గ్రాఫిక్స్ కార్డుల వివరాలు. భానుమతి గారి అత్తగారి కథల మీద పీహెచ్.డి. చేసినదాన్ని ఇలా తయారయ్యానేమిటని మీరు నవ్వుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డంటే ఆటలాడే మగపిల్లల వ్యవహారమని నేనూ అనుకునేదాన్ని.

అమ్మ తెనాలి నుంచి నా దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాది. మోకాళ్ల నొప్పులు, సినిమా హాలు మెట్లెక్కలేదు. చెవి వెనక మిషన్ ఉంటే తప్ప మాట వినపడదు. అందుకని నలభై మూడంగుళాల 4కె టీవీ కొని, థీసిస్ రాసుకోవడానికి 2014లో కొన్న నా పాత కంప్యూటర్‌ని దానికి తగిలించాను. సాయంత్రాలు అమ్మకి పాత సినిమాలు. ఆ ముందు ఓ గంట నా పని. నాటక సమాజాల్లో పనిచేసిన పెద్దావిడల్ని కలిసి ఫోన్‌లో తీసుకున్న ఇంటర్వ్యూలు ఇద్దరం కలిసి చూసేవాళ్లం. అమ్మ ముప్ఫై ఏళ్లు తెలుగు టీచరు. ఫలానా పద్యం ఏ నాటకంలోదో, ఫలానా మాటకి గుంటూరు వైపు అర్థమేమిటో నాకంటే అమ్మకే బాగా తెలుసు. నేను మధ్యమధ్య "అంతేనామ్మా?" అనేదాన్ని. అమ్మ తలూపేది. నేను నోట్సులో "అమ్మ కూడా అవునంది" అని రాసుకునేదాన్ని.

ఒకరోజు సోఫా సర్దుతుంటే దిండు కింద అమ్మ చెవి మిషన్ కనపడింది. ఎదురుగా ఇంటర్వ్యూ నడుస్తూనే ఉంది, అమ్మ తలూపుతూనే ఉంది.

ఆపి అడిగాను. మొదట మాట దాటేసింది. తర్వాత, "ఆ పెట్టె మొదలుపెట్టగానే హోరమ్మాయ్. మిషన్ పెట్టుకుంటే వాళ్ల మాటల కంటే అదే ముందు చెవిలో పడుతుంది. నీ పనికి అడ్డమెందుకని తీసేస్తున్నా. బొమ్మ కనపడుతోందిగా, చాల్లే" అంది.

ఎన్నాళ్ల నుంచమ్మా అంటే, మూడు నెలలట.

స్త్రీల మౌనం గురించి రెండు అధ్యాయాలు రాసినదాన్ని. మా ఇంట్లో మూడు నెలలుగా ఒకావిడ ఏమీ వినకుండా అవునంటుంటే దాన్ని సాక్ష్యంగా రాసుకున్నాను. ఆ రాత్రి నోట్సు తీసి ఆ వాక్యాలన్నీ కొట్టేశాను. ఎన్నో లెక్కపెట్టలేదు, పెట్టాలనిపించలేదు.

ఆ హోరు ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి వారం పట్టింది. ఫోన్ 4కెలో తీసిన వీడియోని చోటు కలిసి రావడానికి హెచ్.ఈ.వి.సి. అనే పద్ధతిలో కుదించి దాస్తుంది. చూసేటప్పుడు ఒక్కొక్కటీ ఎనభై లక్షలకు పైగా చుక్కలున్న బొమ్మల్ని సెకనుకి ముప్ఫై చొప్పున మళ్లీ విప్పాలి. ఇప్పటి కంప్యూటర్లలో ఆ పని కోసమే ఒక సర్క్యూట్ ఉంటుంది. నా ప్రాసెసర్ తయారైన రోజుల్లో అది లేదు. కాబట్టి పాపం అది మామూలు లెక్కల్లా ఆ పనంతా తనే మోసుకుంటూ వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచడానికి ఫ్యాన్ గోల పెడుతుంది. ఆ పని చేసిపెట్టే కార్డు ఒకటి దొరికితే ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది. అయితే ఆ కార్డుకి మళ్లీ ఒక ఫ్యానుంటే మనం చేసిందేముంది?

తమ్ముడు డల్లాస్ నుంచి ఫోన్ చేసి, "ఎందుకక్కా ఈ అవస్థ, కొత్తది కొనేయ్, డబ్బులు నేను పంపిస్తా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. వాడు చెప్పిన యంత్రంలో మూడు ఫ్యాన్లున్నాయి.

నా కంప్యూటర్ సన్న పెట్టె. మామూలు కార్డులో సగం ఎత్తున్నదే పడుతుంది. కరెంటు సరఫరా 240 వాట్లే, అదనంగా తీగ తగిలించే వీలు లేదు. ఇంటెల్ ఆర్క్ ఏ380 మీద మనసు పడ్డాను. ఏవీ1 అనే కొత్త పద్ధతి కూడా దానికొచ్చు. కానీ అది సరిగ్గా పనిచెయ్యాలంటే మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలి, మా పాత బోర్డులో లేదు. ఏఎండీ వారి ఆర్ఎక్స్ 6400 వచ్చింది 2022లోనే అయినా ఏవీ1 రాదు, పైగా ఫ్యాను. కొట్లో కుర్రాడు "సినిమాలకి ఇది చాలు మేడమ్" అంటూ జీటీ 710 చేతిలో పెట్టాడు. చవక, ఫ్యాన్ లేదు. కానీ దానికి హెచ్.ఈ.వి.సి. రాదు. దాని హెచ్.డి.ఎం.ఐ. పాతది, 4కెలో సెకనుకి ముప్ఫై సార్లకి మించి బొమ్మ మార్చలేదు. నా కంప్యూటర్ అప్పటికే చేస్తున్న నిర్వాకం అదే. ఆ మాట చెప్పేసరికి "సార్" గురించి అడగడం మానేశాడు.

నాకు కావలసింది జీటీ 1030. 2017 నాటిది, ఆటలాడేవాళ్లు దాని మొహం చూడరు. ముప్ఫై వాట్లు చాలు. హెచ్.ఈ.వి.సి. విప్పుతుంది, 4కెలో అరవై సార్లు చూపిస్తుంది. ఫ్యాన్ లేకుండా ఒట్టి లోహపు రెక్కలతో వచ్చే రకం ఉంది. ఏవీ1 రాదు. రేపు వీడియోలన్నీ అందులోకి మారిపోతే రేపు చూద్దామనుకున్నాను.

కుర్రాడు లోపలికెళ్లి తెచ్చిన పెట్టె మీద పేరు అదే, జీటీ 1030. తిప్పి చూస్తే కింద చిన్న అక్షరాల్లో డీడీఆర్4 అనుంది. మొదట వచ్చిన కార్డులో జీడీడీఆర్5 జ్ఞాపకం ఉండేది. 2018లో అదే పేరుతో డీడీఆర్4ది వచ్చింది. జ్ఞాపకంలోకి సమాచారం వచ్చిపోయే వేగం సెకనుకి 48 గిగాబైట్ల నుంచి 17 లోపుకి పడిపోయింది, పేరు మాత్రం మారలేదు. పాత పుస్తకాల రెండో ముద్రణలో చెప్పకుండా పేజీలు ఎగరగొట్టే ప్రచురణకర్తలు గుర్తొచ్చారు. పాఠాంతరాలు చూడకుండా ఏ ప్రతినీ నమ్మొద్దని మా గైడు గారు పెట్టిన చీవాట్లు కంప్యూటర్ కొట్లో పనికొస్తాయని ఆవిడైనా అనుకుని ఉండరు. "ఐదుది కావాలి బాబూ" అన్నాను. పై అంతస్తు నుంచి ఇంకో పెట్టె తెప్పించాడు.

ఇంట్లో నేనే విప్పాను. స్క్రూలు పోపుల డబ్బా మూతలో వేసి అమ్మ టార్చి పట్టుకుంది. కార్డుకున్న పొడుగాటి రేకు తీసి పెట్టెలో ఇచ్చిన పొట్టి రేకు బిగించడం ఒక్కటే కష్టమైంది. మూత బిగించి మొదలుపెట్టి, అరవై శాతానికి పైన పరుగెత్తే ప్రాసెసర్ పది లోపు నిలబడటం కాసేపు అలాగే చూశాను. సినిమాలకి ఇంకో చిన్న మార్పు చేశాను. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ 60 సార్లు మారుతుంటే ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు చూపించాల్సొస్తుంది, అందుకే కెమెరా పక్కకి తిరిగితే బొమ్మ తొట్రుపడేది. సెట్టింగుల్లో 24 పెడితే కుదురుకుంది.

ఇంటర్వ్యూలన్నీ మొదటి నుంచీ మళ్లీ చూడటం మొదలెట్టాం. మొదటి పావుగంటలోనే అమ్మ చెయ్యెత్తి ఆపమంది. "ఆవిడ అన్నది అది కాదమ్మాయ్, నువ్వు తప్పు రాసుకున్నావు" అంది. ఆ వారంలో అలాంటివి పదకొండు తేలాయి.

ఆదివారం రాత్రి 1951 నాటి మల్లీశ్వరి పెట్టాను. భానుమతీ ఎన్టీఆరూ వానలో చిక్కుకునే చోటు వచ్చింది. నేను పక్కనే కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. అమ్మ ఉన్నట్టుండి లేచి బాల్కనీ వైపు నడవబోయింది.

"ఎక్కడికమ్మా?"

"వాన పడుతోందే, బట్టలు తడిసిపోతాయి."