నూట ఇరవై నాలుగో అంతస్తు

దుబాయిలో బుర్జ్ ఖలీఫా మీదికి సందర్శకులను మోసుకుపోయే లిఫ్టు సెకనుకు పది మీటర్లు లేస్తుంది. చెవులు దిబ్బడ వేశాయని గ్రహించేలోగా నన్ను నూట ఇరవై నాలుగో అంతస్తులో, నేలకు 452 మీటర్ల యెత్తున దింపింది. కట్టడం మొత్తం 828 మీటర్లు.

అద్దం దగ్గరికి వెళ్ళి మొదట నేను వెదికింది మనిషిని. కనబడలేదు. ఒకవైపు సముద్రం, ఒకవైపు యెడారి, నడుమ చీమలబారుల్లా కార్లు. మా వైరా జలాశయం కట్ట యెక్కినా లోకం కాస్త చిన్నదవుతుంది. కాని అక్కడినుంచి ఆయకట్టులో నాట్లు వేసే ఆడవాళ్ళ వంగిన నడుములు కనిపిస్తాయి. గట్టుమీద ఆసామి గొడుగూ కనిపిస్తుంది. ఎవరు వంగారో, ఎవరు నిలబడ్డారో తెలిసే యెత్తు అది. ఇక్కడ ఆ తేడా చెరిగిపోయింది. నగరం యెవరూ కట్టకుండానే మొలిచినట్టుంది. అందంగా లేదని అనలేను. చాలా అందంగా వుంది. నన్ను బాధించింది కూడా అదే.

నన్ను అక్కడికి తీసుకువచ్చిన మా వైపు కుర్రవాడు పైకి రాలేదు. మా ఖమ్మం నుంచి గల్ఫుకు పోయేవారు కరీంనగర్, నిజామాబాదులకన్న తక్కువ. ఆ తక్కువ మందిలో ఇతనొకడు. 2007లో యీ కట్టడానికే ఇనుప చువ్వలు కట్టాడు. టిక్కెట్టు వంద దిర్హాముల పైమాటే. నేను కొంటానన్నాను.

“నేను చూసిన్నే సార్, అద్దాలు పెట్టకముందు,” అన్నాడు.

అతను చేరడానికి ముందు యేడు, 2006 మార్చిలో, ఇక్కడ సుమారు 2,500 మంది కూలీలు తిరగబడ్డారు. ఆ దేశంలో సంఘం పెట్టుకునే హక్కు లేదు, సమ్మె నేరం. సామాన్య కూలీకి దినానికి మూడు పౌన్లయినా దక్కడం లేదని అప్పుడు బ్రిటిష్ పత్రికలు రాశాయి. ఆ తిరుగుబాటు మన కథల్లో నాకు తారసపడలేదు. మన గల్ఫు కథ చాలావరకు ఇంటిదగ్గర కన్నీరు కార్చే భార్యవద్ద ఆగిపోతుంది, లేకపోతే మోసం చేసిన ఏజెంటువద్ద. పని జరిగే చోటికి వెళ్ళదు. చువ్వ యెండకు కాలితే అరచేతికి ఏమి చుట్టుకుంటారో కథకునికి తెలియదు.

‘దేశచరిత్రలు’లో తాజమహలు కూలీలను గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్నను మనం తరగతి గదుల్లో, సభల్లో వల్లిస్తూనే వున్నాం. ఆ ప్రశ్నకు తాజమహలు దగ్గర జవాబు దొరకడం కష్టం. ఇక్కడ అటువంటి కష్టమేమీ లేదు. 1983 వలసల చట్టం కింద, పదో తరగతి తప్పినవాడు ఆ దేశానికి కూలికి పోవాలంటే మన ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. అతని పేరు, పాస్‌పోర్టు నంబరు, ఒప్పుకున్న జీతం కాగితం మీదికెక్కుతాయి. అక్కడ దిగగానే మరొక కార్డు. చరిత్రలో ఇంత పకడ్బందీగా నమోదైన కూలీలు మరొకరు లేరు కాబోలు. అంటే వారి పేర్లు పోలేదు, బీరువాలలో వున్నాయి.

కట్టడానికి ఎక్కిన పేరు వేరు. 2010 జనవరి 4న ప్రారంభోత్సవం జరిగేదాకా దాన్ని బుర్జ్ దుబాయి అనేవారు. అంతకు కొద్ది వారాల ముందే, అప్పుల్లో మునిగిన దుబాయికి అబూధాబీ వెయ్యి కోట్ల డాలర్లు సర్దింది. అప్పటి అబూధాబీ పాలకుడు షేక్ ఖలీఫా. ఆ సాయంత్రం తెర తీసేసరికి బుర్జ్ ఖలీఫా అయింది.