పూడిమడక తీరమున ఒక సాయంకాలము

2025వ సంవత్సరము జూలై మాసమున ఒకనాడు వార్తాపత్రిక చదువుచు ఒకచోట ఆగిపోతిని. మా అనకాపల్లి జిల్లాలోని పూడిమడకనుండి వేటకు పోయిన మత్స్యకారుల గాలమునకు గొప్ప కొమ్ముకోనము పడినదట. ముక్కు బల్లెమువలె సాగియుండు ఆ చేపను పడవలోనికి లాగబోవుచుండగా, అదియే వారిలో ఒక యువకుని సముద్రములోనికి లాగుకొనిపోయెను. పుట్టినది మొదలు కడలి నెఱిగినవానికే ఆ గతి పట్టినది! పత్రిక మడచి చాలసేపు ఊరకుంటిని. అదే పూడిమడక తీరమున ఏబదియొక్క యేండ్లకు ముందు నేనును గాలము వైచితిని.

మాది నర్సీపట్నమునకు చేరువనున్న మాకవరపాలెము. మా పిల్లల కెఱుకైన జలమంతయు చెఱువులును, పొలముల కాలువలును. వెదురుబద్ద, నూలుదారము, బెండు, పావలా గాలము, ఇవియే మా సాధనములు. వానపామును గ్రుచ్చి కూర్చుండిన పరిగెలో, మట్టగిడసలో, ఎప్పుడైన నొక మలుగుపామో దొరకెడిది. పామని పేరేగాని మలుగు చేపయే. చేతికందక జారిపోవు దానిని గుడ్డతో అదిమి, తలవెనుక బిగించి పట్టవలయును. ఈ విద్యలో నాకు ఊరిలో కొంత పేరుండెను. పేరుకంటె గర్వమే హెచ్చు.

1974 వేసవి సెలవులలో నేనును, నా సహాధ్యాయి యొకడును అచ్యుతాపురమున నున్న మా మేనమామగారింటికి పోయి, అక్కడినుండి పూడిమడక చేరితిమి. ఒడ్డున వల బాగుచేసికొనుచున్న వృద్ధు డొకడు మా డబ్బాలోని వానపాములను చూచి నవ్వెను.

“అవి మీ సెరువు సేపలకి బాబూ!” అని రెండు రొయ్యలిచ్చెను. బెండు తీసివేసి సీసపు గుండు కట్టుమనెను. బరువు లేనిదే ఎర నిలువదు. కెరటము దానిని మరల ఒడ్డునకే త్రోసివేయును. ఈపాటి సంగతియైనను మాకు తోచలేదు.

చాలసేపటికి చిన్న జెల్ల యొకటి పడెను. దానిని తీరమునకు లాగుచుండగనే దారము ఒక్కసారిగా బరువెక్కెను. బలముకొలది లాగితిని. ఆ మునిమాపువేళ, జెల్లను నోట కఱచుకొనిన బూడిదవన్నె పొడుగాటి ప్రాణి యొకటి తడి యిసుకపై మెలికలు తిరుగుచుండెను.

“మలుగురా! తుండుగుడ్డ వేసి మెడ పట్టు!” అని అఱచితిని. నా చేతులలో దారముండెను గనుక పట్టవలసినవాడు నా మిత్రుడు. నామాటపై నమ్మకముతో వాడు గుడ్డ వైచి వంగెను.

“ముట్టుకోకండి! అది పాము!”

వృద్ధుడు తెడ్డుతో పరుగెత్తివచ్చి వాని చేతికిని, దానికిని నడుమ అడ్డు పెట్టెను. “తోక సూడండి” అనెను. ఆ తోక అతని చేతిలోని తెడ్డువలెనే పలుచగా, బల్లపరుపుగా నుండెను. మలుగునకు అట్టి తోక యుండదు. పొలుసులు కంటి కానవు. తలప్రక్కల మొప్పల రంధ్రములుండును. సముద్రపు పామునకు మొప్పలు లేవు. గాలి పీల్చుటకు అది నీటిపైకి రావలసినదే. జెల్లలే ముఖ్యాహారమైన జాతియు మన తీరమున కలదు. నేను చదివినది తెలుగు పండిత శిక్షణ. కావున ఈ వివరములన్నియు పిమ్మట మా పాఠశాలలోని సైన్సు మాస్టారుగారి నడిగి తెలిసికొంటిని. ఆ పాము కఱచినప్పుడు నొప్పి అంతగా తెలియకపోవచ్చునట. కొన్ని గంటలకు కండరములు బిగిసి, ప్రాణమునకే ముప్పు రావచ్చును. మన ఆసుపత్రులలో సాధారణముగా నిచ్చు విషపు విరుగుడు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాల్గింటి విషమునకై చేయబడినది. సముద్రపు పాము కాటునకు అది ఆధారము కాదు.

వృద్ధుడు మొలనున్న కత్తితో దారము కోసి, పామును గుడ్డతో సహా తెడ్డుతో నీటిలోనికి నెట్టివైచెను. అప్పుడు నా నోట వెలువడిన మాట వ్రాయుటకు నేటికిని సిగ్గగుచున్నది. “అయ్యో, నా గాలము పోయె!” నంటిని.

“సెయ్యుంది గదా బాబూ” అని ఆయన నా మిత్రుని వంక చూపెను. వాని చేయి వడవడ వణకుచుండెను.

చీకటిపడినపిమ్మట ఇల్లు చేరితిమి. మేనమామగారు వాకిటనే నిలిచియుండిరి. “ఏమి పట్టితిరిరా? నీ తుండుగుడ్డ ఏదిరా?” అని మిత్రు నడిగిరి. నా గుండె జల్లుమనెను.

“ఏమియు పడలేదండీ. గుడ్డ కెరటమునకు కొట్టుకొనిపోయినది” అనెను వాడు. నా వంక చూడనైన చూడక కాళ్లు కడుగుకొనుటకు నూతికడకు పోయెను.