దాత వెళ్లిపోయాక ఏం మిగులుతుంది?

జీఎస్-2 సిలబస్‌లో అభివృద్ధి ప్రక్రియలు, ఎన్‌జీవోలు, స్వయం సహాయక బృందాలు, దాతల పాత్ర అని ఒక అంశం ఉంది. మనలో చాలామంది నోట్సులో దీనికి రెండు కాలమ్‌లు ఉంటాయి. లాభాల కింద నిధులు, సాంకేతికత, పౌర సమాజం బలపడటం. నష్టాల కింద షరతులు, ఆధారపడటం, సార్వభౌమత్వం. 2025లో అమెరికా యూఎస్‌ఎయిడ్‌ను మూసేశాక మా రూమ్‌లో ఈ చర్చ చాలాసార్లు నడిచింది. నాకు మాత్రం మన కరువు జిల్లాల్లో జరిగిన ఒక పని గురించి చదివాకే ఈ టాపిక్ పట్టుబడింది.

నెదర్లాండ్స్ ప్రభుత్వం 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఏపీవెల్’ అనే ప్రాజెక్టుకు గ్రాంటు ఇచ్చింది. చిన్న, సన్నకారు రైతులు కొందరు కలిసి వాడుకునేలా బోర్లు వేయించడం దాని పని. పని బాగానే జరిగింది కానీ ఒక చిక్కు ఉంది. ఒక గుంపు ఎంత పొదుపుగా వాడినా పక్క పొలంలో ఇంకో బోరు పడితే అందరి నీళ్లూ తగ్గుతాయి. ఎందుకంటే భూమి కింద గట్లు ఉండవు. అలాంటప్పుడు కొత్త బోర్లకు ఎంత డబ్బు పోసినా సరిపోదు.

అందుకే తర్వాత వచ్చిన ప్రాజెక్టు బోర్లు వేయడం వదిలేసి, రైతులకు కొలవడం నేర్పింది. దాని పేరు ‘ఏపీఫామ్స్’, అంటే రైతులే నడిపే భూగర్భజల వ్యవస్థలు. ఇక్కడ పాలిటీ విద్యార్థులు గమనించాల్సింది ఒకటుంది. 2003లో భారత ప్రభుత్వం ఇకపై కొన్ని దాతల నుంచే నేరుగా ద్వైపాక్షిక సాయం తీసుకుంటామని, మిగతా దేశాలు ఎన్‌జీవోల ద్వారానో, ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారానో ఇవ్వొచ్చని చెప్పింది. దాంతో డచ్చి నిధి ఎఫ్‌ఏఓ ద్వారా వచ్చింది. ఊళ్లలో పని చేసింది స్థానిక స్వచ్ఛంద సంస్థలు.

అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 600కు పైగా ఊళ్లలో ఇది నడిచింది. రైతులే వానను కొలిచేవారు, బావుల్లో నీటిమట్టం చూసేవారు. డ్రమ్ము, స్టాప్‌వాచ్ పెట్టి బోరు ఎంత నీరు పోస్తుందో లెక్కగట్టేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసేవారు. కింద ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి, తేడా ఎంత? ఆ తర్వాత వరి వేయాలా, ఆరుతడి పంట వేయాలా అన్నది ఎవరి ఇష్టం వారిది. సబ్సిడీ లేదు, బలవంతం లేదు.

డ్రమ్ము, స్టాప్‌వాచ్ గురించి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. బీటెక్ సివిల్‌లో, ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో మేం చేసిన ప్రయోగం అదే. రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నాం, మార్కులు వచ్చాయి. మాది ప్రకాశం జిల్లా. మా ఊరు ఆ ప్రాజెక్టులో లేదు. నేను ఇంటర్‌లో ఉండగా నాన్న మూడో బోరు వేశారు. అందులోనూ నీళ్లు పడలేదు. ఆ అప్పు నా బీటెక్ చివరి ఏడాదికి గానీ తీరలేదు. పాయింటు చూసేవాళ్లు కొబ్బరికాయ పట్టుకుని ఎక్కడ వేయాలో చెప్పారు. అసలు కింద ఎంత ఉందో లెక్క చూద్దామని మాత్రం ఎవరూ అనలేదు. బహుశా మాకు కావాల్సిన సాయం ఆ ఒక్క మాటే.

ఏపీఫామ్స్ దాదాపు 2010తో ముగిసింది. ఆ ఏడాది ప్రపంచ బ్యాంకు తన నివేదికలో దీన్ని మెచ్చుకుంది. తర్వాతి పరిశీలకులు మాత్రం కమిటీలు ఏ మేరకు నిలబడ్డాయని ప్రశ్నలు లేవనెత్తారు. అది సహజం. కొలతలు రాసే రిజిస్టరు ఎవరు కొంటారు, మీటింగ్ ఎవరు పెడతారు అన్నవి చిన్న ఖర్చులే గానీ, వాటికి పంచాయతీ బడ్జెట్‌లో చోటు ఉండాలి. 2019లో కేంద్రం ప్రారంభించిన 6,000 కోట్ల అటల్ భూజల్ యోజనలో నీటి బడ్జెట్ ముఖ్యమైన భాగం. దానికి ఎంపికైన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

అందుకే ఇప్పుడు విదేశీ సాయం మీద ఆన్సర్ రాసేటప్పుడు నేను లాభనష్టాల జాబితాతో మొదలుపెట్టడం లేదు. మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. డబ్బు వస్తువు ఇచ్చిందా, నైపుణ్యం ఇచ్చిందా? దాన్ని ఊరికి చేర్చిన సంస్థకు దాత వెళ్లాక బతికే దారి ఉందా? ప్రభుత్వం ఆ పనిని తన పనిగా తీసుకుందా? ఎఫ్‌సీఆర్‌ఏ 2020 సవరణను కూడా ఈ రెండో ప్రశ్నతోనే చూడండి. విదేశీ నిధిని ఒక సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదని అది చెబుతోంది. నిఘాకు అది మేలు కావచ్చు. కానీ పెద్ద సంస్థ తెచ్చి పల్లెల్లోని చిన్న సంస్థలకు పంచే దారి దాంతో మూసుకుపోయింది. రెండూ రాస్తేనే ఆన్సర్ నిండుగా ఉంటుంది.

ఈ ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. నేడు భారత్ కూడా దాతే. నేపాల్‌లో మన గ్రాంటుతో బడులు, ఆరోగ్య కేంద్రాలు కడుతున్నాం. రేపు మనలో ఎవరైనా ఐఎఫ్‌ఎస్‌లో చేరి అలాంటి ఫైలు మీద సంతకం పెట్టాల్సి రావచ్చు. అప్పుడు శంకుస్థాపన ఎప్పుడని అడిగే ముందు, మనం వచ్చేశాక ఆ బడిని నడిపేదెవరని అడగాలి.