మట్టి అంటిన చేతులు

పిల్లలూ, ముందుగా ఒక చిన్న పని చెయ్యండి. మీ ఎడమచేత్తో కుడి ముంజేతిని, మోచేతికి కొంచెం కిందుగా పట్టుకుని, కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా ముడిచి తెరవండి. పట్టుకున్న చోట ఏదో కదులుతున్నది గదా? వేళ్లను ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో లేవు. అవి ముంజేతిలో వున్నవి. తాళ్లవంటి స్నాయుబంధనాలతో అవి వేళ్లను లాగుతవి. ఆ తాళ్లన్నీ మణికట్టు దగ్గర ఇరుకు సందులోనుంచి పోవాలి. మణికట్టులో 8 చిన్న ఎముకలున్నవి. చేతి ఎముకలు మొత్తం 27.

ఈ సంగతి నేను 36 ఏళ్లు పాఠంగా చెప్పాను. కాని 2022 జూలై వరకూ నాకది పుస్తకంలోని బొమ్మ మాత్రమే. ఆ నెలలో ఒకనాడు, వానలో స్కూటరు మీద పోతూ, అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి రోడ్డు మీద పడ్డాను. కుడి మణికట్టు నలిగిపోయింది. ఆపరేషన్ చేసి లోహపు పట్టీ, మరలు బిగించారు. ఆరు వారాల తర్వాత కట్టు విప్పారు. ఎముక అతికింది. కాని వేళ్లు మాట వినటం మానేశాయి! వాడకుండా వుంచిన కీళ్లు బిగుసుకుపోతవి, కండరాలు సన్నబడతవి. గుప్పిలి ముడుచుకోలేదు, కలం నిలవలేదు.

అక్టోబరులో పెన్షను డబ్బు తీసుకోవటానికి బ్యాంకుకు వెళ్లాను. మూడుసార్లు సంతకం చేశాను. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా, "వేలిముద్ర వెయ్యండి మాస్టారూ, ఫరవాలేదు," అన్నది. ఆమె తప్పేమీ లేదు. కాని 1990లో మా నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, లాంతరు పెట్టుకుని కూర్చుని, వేలిముద్ర వేసేవాళ్ల చేత సంతకం పెట్టించినవాళ్లలో నేనొకణ్ణి. ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు నాకొక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమన్నాడు. పిసికాను. అయితే బంతిలో ఒక చిక్కు వున్నది: వదలగానే మళ్లీ గుండ్రంగా అయిపోతుంది. ఇవాళ నిన్నటికన్నా గట్టిగా పిసికామో లేదో అది చెప్పదు. నాలుగు రోజుల్లో విసుగు పుట్టి దానిని మనవడికి ఇచ్చేశాను. (ఇటువంటి పని మీరు చెయ్యకండి సుమా!)

దీపావళికి ప్రమిదలు తెమ్మని మా ఇంటావిడ నన్ను కుమ్మరి వీధికి పంపింది. అక్కడ ఒక ప్రమిదను కుడిచేత్తో తియ్యబోయి జారవిడిచాను. అది పగిలింది. సారె ముందు కూర్చున్న మనిషి లేచి వచ్చాడు. నలభై ఏళ్లకు దగ్గరగా వుంటాడు. నన్ను గుర్తుపట్టాడు, నేనూ అతన్ని గుర్తుపట్టాను. ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదివి, మధ్యలో మానేసిన కుర్రవాడు.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. నా చెయ్యి చూసి, "రేపటినుంచి పొద్దున్నే ఇటు రండి మాస్టారూ, రాళ్లు ఏరుదురుగాని," అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. చెరువునుంచి తెచ్చిన మట్టిని ఎండబెట్టి, దంచి, నానబెట్టి, తొక్కుతారు. అందులో చిన్న రాయి మిగిలినా కుండ చెడిపోతుంది. ఆ రాళ్లను బొటనవేలితో, చూపుడువేలితో పట్టి తియ్యాలి. ఫిజియోథెరపిస్టును అడిగితే, "గట్టి ముద్దలు ఇప్పుడే పిసకవద్దు, రాళ్లు మటుకు ఏరండి," అన్నాడు. రెండు వారాలు అదే నా పని. బఠాణీగింజంత రాయితో మొదలుపెట్టి ఆవగింజంత రాయిదాకా వచ్చాను!

తరువాత మెత్తని ముద్ద ఒకటి చేతిలో పెట్టి నొక్కమన్నాడు. తెరిచి చూస్తే నాలుగు వేళ్ల గుర్తులే వున్నవి. చిటికెనవేలి గుర్తు లేదు. ఆ ముద్దను ఎండబెట్టి, పుల్లతో తేదీ గీసి, మా కిటికీలో పెట్టాను. వారానికొక ముద్ద. అయిదో ముద్ద మీద చిటికెనవేలు గోరుతో గీసినట్టు ఒక చిన్న గీత పెట్టింది. మా ఇంటావిడను కేకవేసి చూపించాను.

మట్టి ఇలా గుర్తు నిలుపుకోవటానికి కారణం వున్నది. బంకమట్టిలోని రేణువులు కంటికి కనిపించనంత సన్నని పలకలు. వాటి మధ్య నీటి పొర వుండటంవల్ల అవి నొక్కినప్పుడు ఒకదానిపై ఒకటి జారి, ఆ చోటనే నిలిచిపోతవి. రబ్బరులాగా వెనక్కు రావు.

వైద్యానికి కుండలు చెయ్యటం మా ఊళ్లో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో మార్బుల్‌హెడ్ అనే ఊళ్లో హెర్బర్ట్ హాల్ అనే వైద్యుడు, కోలుకుంటున్న రోగుల కోసం 1904లో ఒక కుండల పనిశాల పెట్టాడు. మా కుమ్మరికి ఈ సంగతి చెబితే, "అయితే వాళ్లూ రాళ్లు ఏరారా మాస్టారూ?" అని అడిగాడు.

జనవరిలో ప్రమిదలు చెయ్యటం మొదలుపెట్టాను. పదకొండు చేశాను. ఆవంలో పెడితే నాలుగు పగిలాయి. నేను తొందరపడి, సరిగా ఆరకముందే పెట్టాను. లోపలి నీరు ఆవిరి అయితే సుమారు 1,600 రెట్ల చోటు కావాలి. దారి దొరక్క మట్టిని పగలగొట్టుకుని వస్తుంది. అందుకే ఆవానికి ముందు సన్నని సెగ పెట్టి, తరువాత మంట పెంచుతారు.

ఆవం చల్లారేదాకా కూర్చున్న ఆ పూట, మనసులో వున్నది అడిగాను.

"బళ్లో నిన్ను చేతులు కడుక్కురమ్మని బయట నిలబెట్టేవాణ్ణి, గుర్తున్నదా?"

"గుర్తుంది మాస్టారూ. తెల్లారకముందే లేచి మట్టి తొక్కి వచ్చేవాణ్ణి. ఎంత కడిగినా గోళ్లలోది పోదు."

అంతే అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అది వుంటేనే నాకు బాగుండేదేమో. ఒక్కనాడైనా, "ఎందుకు రా ఇలా వస్తున్నావు?" అని అడిగివుంటే సరిపోయేది. అడగలేదు. శుభ్రతకు మార్కులు తగ్గించాను. ఆ మాటే చెప్పి, తప్పు నాదని ఒప్పుకున్నాను. అతను బూడిద తోసి, పగలని ఏడు ప్రమిదలూ ఒక్కొక్కటే నా కుడిచేతిలో పెట్టాడు. ఒక్కటీ జారలేదు.

నా చెయ్యి పూర్తిగా బాగుపడలేదు. చలికాలంలో బిగుసుకుంటుంది, బరువైన బిందె ఎత్తలేను. వ్యాయామాలు కూడా మానలేదు. మట్టి ఒక్కటే చేసిన పని అని చెబితే అబద్ధమవుతుంది.

2023 ఏప్రిల్‌లో మళ్లీ బ్యాంకుకు వెళ్లాను. అదే అమ్మాయి. కాగితం మీద నెమ్మదిగా సంతకం చేశాను. చివరి అక్షరం తలకట్టు కొంచెం వంకరపోయింది. ఆమె పాత సంతకంతో పోల్చి చూసి, సరేనన్నది. తరువాత నా వేళ్లవంక చూసింది. నేనూ చూసుకున్నాను. పొద్దున కుమ్మరి వీధినుంచి తిన్నగా వచ్చాను. గోళ్లనిండా మట్టి వున్నది.